రెండు పద్దుల సంధి

ఒకే లెక్కను రెండు చోట్ల వ్రాయ మొదలిడిన నాటినుండి, ఆ రెండింటిలో ఏది సత్యమను సందేహము మానవుని వెన్నంటి వచ్చుచున్నది. ఆ సందేహమును తీర్చుటకు యంత్రయుగము కనుగొన్న ఉపాయమే నేడు మనము సింకు అని వ్యవహరించు ప్రక్రియ. దాని చరిత్రలో ఒక పాయ అమెరికాలో కొయ్యముక్కతో ఆరంభమై, నల్లగొండ పల్లెలలో ఉపాధి కూలీ వేలిముద్ర దాక సాగినది.

జెఫ్ హాకిన్స్ అను ఇంజనీరు, తాను నిర్మింపదలచిన చేతియంత్రము చొక్కాజేబులో ఇముడవలెనని నిశ్చయించి, ఆ పరిమాణము గల కొయ్యముక్కనొకదానిని అదియే యంత్రమైనట్లు భావించి వెంట నుంచుకొని తిరిగెను. 1996లో వెలువడిన పైలట్ ఆ సంకల్పఫలము. తొలి నమూనా జ్ఞాపకశక్తి 128 కిలోబైట్లు మాత్రమే. అయినను దానిని నిలుపు పీఠముపైనున్న ఒక్క మీట నొక్కినంతనే జేబులోని చిరునామాలును, కార్యక్రమములును బల్లమీది కంప్యూటరులోని వానితో ఏకమయ్యెడివి.

పట్నమున అన్నయు, ఊరిలో తమ్ముడును ఉమ్మడి సేద్యపు ఖర్చులను వేర్వేరు పుస్తకములలో వ్రాసి, దసరాకు కూడినప్పుడు ఒకరి పుస్తకమును చించి రెండవదానిని నిలుపుకొనుట న్యాయము కాదు. పైలట్ ఈ న్యాయమును సూక్ష్మముగా పాటించెను. ప్రతి నమోదునకు ప్రత్యేకసంఖ్య యుండును. మార్పు జరిగినదానికి గుర్తు పడును. రెండు యంత్రములు కలిసికొన్నప్పుడు ఆ గుర్తుగల నమోదులే వినిమయమగును. తుడిచివేసిన నమోదు సైతము తరువాతి సమాగమము వరకు గుర్తుగా నిలిచియుండును. లేనిచో అవతలి యంత్రము దానిని పునర్జీవింపజేయును. ఒకే నమోదు రెండువైపులను వేర్వేరుగా మారినచో రెండును నిలుచును; నిర్ణయము యజమానిది. ఒకవైపు తుడిచి, రెండవవైపు దిద్దినచో దిద్దినదే మిగులును. సంశయము కలిగినచోట పోగొట్టుటకంటె నిలుపుటయే శ్రేయమను ధర్మము ఇందు గోచరించుచున్నది.

ఈ ధర్మమునకు మన ప్రాంతమున కఠినతరమైన పరీక్ష కలిగెను. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ పథకము ఆరంభమైనప్పుడు, వలసలకు పేరొందిన పాలమూరును, నల్లగొండయు తొలివిడత జిల్లాలలో నుండెను. కూలీ హాజరు మస్టరు కాగితముపై పడి, మండల కార్యాలయమున కంప్యూటరులోని కెక్కి, అటుపిమ్మట గాని చెల్లింపుగా మారెడిది కాదు. ప్రతి మజిలీయందును ఒక పద్దు. ప్రతి పద్దు నడుమ ఆలస్యమునకును, అపహరణకును అవకాశము.

అనంతరము ప్రభుత్వము స్మార్ట్‌కార్డులను ప్రవేశపెట్టెను. తరచుగా మహిళా సంఘ సభ్యురాలే యైన స్థానిక ప్రతినిధి, కూలీ కార్డును చేతిమిషనులో నుంచి, వేలిముద్ర తీసికొనెడిది; ఆ ముద్ర కార్డులోని ముద్రతో సరిపోయినచో పైకము చెల్లించి, రసీదు నిచ్చెడిది; కొన్ని మిషనులు మొత్తమును తెలుగులో పలికి వినిపించెడివి. నల్లగొండతో కూడిన 8 జిల్లాలలో, 157 మండలములయందు కార్తిక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అను ఆర్థికవేత్తలు జరిపి 2016లో ప్రచురించిన పరిశోధన ప్రకారము, కూలి పుచ్చుకొనుటకు పట్టు కాలము ప్రతిసారియు 22 నిమిషములు తగ్గెను. పనికిని చెల్లింపునకును నడుమ వ్యవధి కుదించుకొనిపోయెను. ఉపాధి నిధుల దుర్వినియోగము సుమారు 41 శాతము క్షీణించెను. రెండేండ్ల పిమ్మటను కార్డులు ప్రవేశపెట్టిన మండలముల చెల్లింపులలో దాదాపు సగమే కార్డుద్వారా జరిగినను, ఫలిత మింతటిది.

పైలట్ యందు రెండు నమోదులు విభేదించినప్పుడు తీర్పు చెప్పువాడు యజమాని, ఏలయన ఆ లెక్క అతనిది. కూలి లెక్కకు యజమాని కూలీయే. కావున రసీదును, తెలుగు పలుకును కేవల సదుపాయములని తలపరాదు. అవి కూలీని ఆ పద్దునకు సాక్షిగా నిలుపు సాధనములు. ఇకముందు ఎంతటి నూతన యంత్రము వచ్చినను, ఊరి పద్దును దూరపు పద్దును విభేదించినచోట, శ్రమించినవానికి తెలియకుండ అతని నమోదును తుడిచివేయు అధికారము ఏ యంత్రమునకును ఉండరాదు.