మౌస్ పక్కన పెట్టి చూడండి

హాస్టల్లో నా పక్క గది తమ్ముడికి చూపు లేదు. స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ బొమ్మలోని అక్షరాలు కొట్టమనేసరికి అక్కడే ఆగిపోయాడు. నేను చదివి చెబితేగానీ దరఖాస్తు ముందుకి కదల్లేదు. తన హక్కు కోసం ఇంకొకరి కళ్ళు అరువడగాల్సి వచ్చింది.

ఇట్లాంటి లోపాల్ని పట్టుకోడానికి ఇంజినీరే కానక్కర్లేదు. మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ కీ నొక్కుతూ పోండి. ఏ బటన్ అందకపోతే అక్కడ దారి మూసినట్టే. తర్వాత, తెరమీది రాతని చదివి వినిపించే ఎన్.వి.డి.ఎ. పెట్టుకుని కళ్ళు మూసుకు వినండి. అది ఉచితమే. గడికి కోడ్‌లో లేబుల్ లేకపోతే అక్కడ రాయాల్సింది కులమో, ఆదాయమో తెలీదు. స్కాన్ చేసి పెట్టిన జీవో దానికి వట్టి బొమ్మ.

దిద్దడం బ్రహ్మవిద్యేం కాదు. గడికి లేబుల్, బొమ్మకి వివరణ రాయాలి. జీవోని యూనికోడ్ తెలుగులో పెట్టాలి. పేజీ భాష తెలుగని కోడ్‌లో చెప్పాలి. మామూలు సైజు అక్షరాలకీ వెనక రంగుకీ తేడా కనీసం 4.5:1 ఉండాలి. బొమ్మ పరీక్షకి వినిపించే ప్రత్యామ్నాయం ఉండాలి.

ఇది దయ కాదు. డిజిటల్ అందుబాటు 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది.

దిద్దినాక ఆ తమ్ముడి చేతే నింపించి చూడాలి. మనకోసమే కట్టామంటూ మనల్ని అడక్కుండా కట్టడం మనకేం కొత్త?