లోన్ మీద లేత్ మిషన్ ఇంటికి వస్తోందా? చలాన్ మీద సంతకం పెట్టే ముందు చదవండి

పీఎంఈజీపీ లబ్ధిదారులకు సమాచారం

ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం (పీఎంఈజీపీ) కింద లోన్ శాంక్షన్ అయి, ఇంటి దగ్గరే షెడ్డు వేసుకుని లేత్ వర్క్ మొదలుపెడుతున్న వారి కోసం ఇది. అప్లికేషన్ ఎలా పెట్టాలో చెప్పే పీడీఎఫ్‌లు ఫోన్లలో చాలానే తిరుగుతున్నాయి. శాంక్షన్ అయ్యాక లారీ ఇంటి ముందు ఆగిన రోజు ఏం చేయాలో చెప్పేవి మాత్రం తక్కువ. మిషన్‌లో లోపం ఉంటే ఆ బరువు ఎవరి మీద పడుతుందన్నది ఎక్కువగా ఆ రోజు పెట్టే సంతకాలతోనే తేలుతుంది.

ఒక మాట ముందే. పీఎం విశ్వకర్మ పథకం వేరు, ఇది వేరు. విశ్వకర్మలో ఉన్నవి 18 చేతివృత్తులు. కమ్మరి, తాళాల పని, పనిముట్ల తయారీ అందులో ఉన్నాయి, లేత్ టర్నర్ పని లేదు. లేత్ కొనాలంటే పీఎంఈజీపీయే సరైన దారి. మన దగ్గర దీన్ని జిల్లా పరిశ్రమల కేంద్రం, ఖాదీ బోర్డు, ఖాదీ కమిషన్ ద్వారా అమలు చేస్తున్నారు. అప్లికేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా ఉచితమే. దేనికీ ఏజెంటుకు పైసా ఇవ్వక్కర్లేదు.

డబ్బు ఎవరి చేతిలో ఉంది?

2022లో సవరించిన నిబంధనల ప్రకారం తయారీ యూనిట్‌కు ప్రాజెక్టు ఖర్చు 50 లక్షల వరకు ఉండొచ్చు. సబ్సిడీ జనరల్ వారికి పట్టణంలో 15 శాతం, గ్రామంలో 25 శాతం. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళలు, మాజీ సైనికులు, దివ్యాంగులకు పట్టణంలో 25, గ్రామంలో 35 శాతం. పంచాయతీ పరిధిలో ఉంటే గ్రామం కింద, మున్సిపాలిటీలో ఉంటే పట్టణం కింద లెక్క. సొంత వాటా జనరల్ వారికి 10 శాతం, మిగతావారికి 5 శాతం.

ఉదాహరణకు పంచాయతీ పరిధిలో ఉన్న ఒక అమ్మాయి 6 లక్షలతో యూనిట్ పెట్టుకుందనుకుందాం. సొంతంగా 30 వేలు కట్టాలి. బ్యాంకు 5 లక్షల 70 వేలు ఇస్తుంది. సబ్సిడీ 2 లక్షల 10 వేలు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఈ సబ్సిడీ డబ్బు మన చేతికి రాదు. మార్జిన్ మనీ పేరుతో బ్యాంకులోనే మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటుంది. దానికి వడ్డీ రాదు, లోన్‌లో అంత మొత్తం మీద మన దగ్గర వడ్డీ తీసుకోరు కూడా. మూడేళ్ల తర్వాత యూనిట్ నడుస్తున్నట్టు తనిఖీలో తేలితే అప్పుడు లోన్‌లో సర్దుబాటు చేస్తారు. నడవకపోతే ఆ డబ్బు వెనక్కి పోతుంది, మొత్తం అప్పు మనమే కట్టాలి.

అంటే మిషన్ మూడేళ్లు నిజంగా పనిచేయాలి. ఆరు నెలలకే గేర్ బాక్స్ మూలన పడితే పోయేది జాబ్ వర్క్ ఒక్కటే కాదు, ఆ 2 లక్షల 10 వేలు కూడా ప్రమాదంలో పడతాయి.

ఇంకో సంగతి. మిషన్ డబ్బు బ్యాంకు నేరుగా డీలర్ ఖాతాకే పంపుతుంది. మొత్తం ఒకేసారి వెళ్లిపోతే డెలివరీ రోజు మన చేతిలో పట్టు ఏమీ ఉండదు. అందుకని కొటేషన్ తీసుకునేటప్పుడే, మిషన్ బిగించి నడిపి చూపించాక చివరి 10 శాతం ఇచ్చేలా రాయించుకోండి. దాని ప్రకారమే రెండు విడతల్లో చెల్లించమని బ్యాంకు మేనేజర్‌కు కాగితం పెట్టండి. ఒప్పుకోవాలన్న రూలు లేదు, అడిగితే ఒప్పుకునేవారు ఉన్నారు. అదే కొటేషన్‌లో ఇంకో మూడు విషయాలు చూసుకోండి: ధర ఫ్యాక్టరీ గేటు దగ్గరిదా, మన ఇంటి దాకానా. దారిలో దెబ్బతింటే ఇన్సూరెన్స్ ఎవరిది. వారంటీ బిల్లు తేదీ నుంచా, మిషన్ బిగించిన తేదీ నుంచా. రాజ్‌కోట్ నుంచో, పంజాబ్‌లోని బటాలా నుంచో వచ్చే మిషన్‌కు బిల్లు తేదీకీ బిగించే తేదీకీ మధ్య నెల గడిచిపోవచ్చు.

లారీ రాకముందే

ఆరడుగుల లేత్ అంటే ఆరడుగుల షాఫ్ట్ పడుతుందని కాదు. ఆరడుగులనేది బెడ్ పొడవు. దాని మీద హెడ్ స్టాక్, టెయిల్ స్టాక్ కూర్చున్నాక రెండు సెంటర్ల మధ్య మిగిలేది సుమారు మూడడుగుల పైచిలుకే. ఆటోనగర్ షెడ్డులో పదేళ్లు పనిచేసిన వాళ్లకు ఇది తెలిసిన సంగతే. కొత్తగా ఐటీఐ చదివి వచ్చినవారు మాత్రం కొటేషన్‌లో సెంటర్ల మధ్య దూరం, బెడ్ మీద ఎంత వ్యాసం తిరుగుతుంది, స్పిండిల్ రంధ్రం ఎంత అన్నవి మిల్లీమీటర్లలో రాయించుకోవాలి. డెలివరీ రోజు కొలిచి చూడటానికి అవే ఆధారం.

నేల గట్టి కాంక్రీటు అయి ఉండాలి. మిషన్ వచ్చే వారం ముందు పోసిన నేల పనికిరాదు, కనీసం మూడు నాలుగు వారాలు తడుపుతూ ఆరనివ్వాలి. హెడ్ స్టాక్ పక్కన గేర్ల మూత తెరుచుకోవడానికీ, స్పిండిల్ రంధ్రం లోంచి పొడవు రాడ్డు పెట్టడానికీ ఎడమ వైపు జాగా వదలండి. ఇంటి షెడ్లలో గోడకు ఆనించి పెట్టేసి తర్వాత బాధపడేది దీనికే. గేటు, తలుపు, సందు మలుపు టేపు పెట్టి కొలవండి.

ఇక కరెంటు. ఇంటి మీటరు మీద మిషన్ నడపకూడదు. పరిశ్రమ కేటగిరీలో వేరే సర్వీసు తీసుకోవాలి. మోటారు త్రీ ఫేజ్ అయితే కనెక్షన్ మిషన్ కంటే ముందే రావాలి. కారణం ఉంది. మిషన్ బిగించే మెకానిక్‌ను డీలర్ సాధారణంగా ఒక్కసారే పంపుతాడు. ఆ రోజు కరెంటు లేకపోతే "తర్వాత ఆన్ చేసి చూసుకోండి, ఇక్కడ ఒక సంతకం పెట్టండి" అని వెళ్లిపోతాడు. ఆ సంతకం ఉన్న కాగితమే ఇన్‌స్టలేషన్ రిపోర్టు. మిషన్ బాగా నడుస్తోందని మనమే ఒప్పుకున్నట్టు.

లారీ ఆగిన రోజు

ముందు కాగితాలు చూడండి. జీఎస్టీ బిల్లు, వే బిల్లు, లారీ రసీదు. సరుకు విలువ 50 వేలు దాటితే వే బిల్లు తప్పనిసరి. లేత్ మీద జీఎస్టీ 18 శాతం. బిల్లులో మీ పేరు కాకుండా యూనిట్ పేరు ఉంటే శాంక్షన్ లెటర్‌లో ఉన్న పేరే ఉందా, మోడల్, సీరియల్ నంబరు ఉన్నాయా చూడండి. సీరియల్ నంబరు లేని బిల్లు తీసుకోవద్దు. రేపు తనిఖీకి వచ్చేవారు మిషన్ మీది ప్లేటును బిల్లుతోనే పోల్చి చూస్తారు.

దించకముందే లారీ మీద ఉండగా నాలుగు వైపులా ఫోటోలు, ఒక వీడియో తీయండి. ప్యాకింగ్ చెక్క విరిగిందా, హ్యాండిళ్లు వంగాయా, పోత ఇనుములో ఎక్కడైనా బీట ఉందా, లోపలికి వాన నీరు పోయిందా చూడండి. ఏదైనా కనిపిస్తే లారీ రసీదు మీద, డ్రైవర్ దగ్గర ఉండే కాపీ మీద కూడా, రాసి సంతకం పెట్టండి. డ్రైవర్ తొందరపెడతాడు. రాత్రంతా నడిపి వచ్చినవాడు, అతని తప్పేం లేదు, కాస్త టీ తాగమనండి. ప్యాకింగ్ విప్పే వీలు లేకపోతే "ప్యాకింగ్ విప్పి చూడలేదు, పరీక్షించాల్సి ఉంది" అని ఒక్క లైను రాస్తే చాలు. "మంచి స్థితిలో అందింది" అని ముందే ప్రింటు చేసి ఉంటే ఆ మాట కొట్టేసి సంతకం పెట్టండి. దారిలో నష్టం జరిగితే ట్రాన్స్‌పోర్టు వారికి రాతపూర్వక నోటీసు బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు ఇవ్వాలి. రోడ్డు రవాణా చట్టం 2007 చెప్పేది ఇదే.

దించడం హమాలీల బలంతో చేసే పని కాదు. మిషన్ బరువు దాదాపు టన్ను దాకా ఉండొచ్చు, పైగా బరువంతా హెడ్ స్టాక్ వైపే ఉంటుంది. సాడిల్‌నూ టెయిల్ స్టాక్‌నూ రెండో చివరకు జరిపి బిగించాకే లేపాలి. బెల్టు బెడ్ కింద నుంచి వేయాలి. స్పిండిల్‌కు, లీడ్ స్క్రూకు తాడు కట్టి లేపితే అవి వంగుతాయి, మిషన్ పుట్టిన రోజే చెడుతుంది. హైడ్రా క్రేన్ సందులోకి రాకపోతే రోడ్డు మీద దించి, కింద ఇనుప పైపులు వేసి నెమ్మదిగా దొర్లించుకుంటూ లోపలికి తీసుకెళ్లండి. లేపిన మిషన్ కింద ఎవరూ కాలు గానీ చెయ్యి గానీ పెట్టకూడదు. పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టండి. కొత్త మిషన్ వస్తోందంటే వీధి వీధంతా వచ్చి నిలబడుతుంది.

లోపలికి వెళ్లాక బిల్లులో రాసిన సామాన్లు ఒక్కొక్కటి లెక్కపెట్టుకోండి. మూడు దవడల చక్, నాలుగు దవడల చక్, ఫేస్ ప్లేట్, స్టెడీ రెస్ట్, చేంజ్ గేర్లు, సెంటర్లు, చక్ తాళం. తక్కువ వచ్చేది ఎక్కువగా చేంజ్ గేర్లే. అవి లేకపోతే కొన్ని త్రెడ్లు కోయలేం, అది తెలిసేది ఆరు నెలల తర్వాత ఆ జాబ్ వచ్చినప్పుడు. తక్కువైనవి చలాన్ మీదే రాయండి.

నడిపి చూడటం

తుప్పు పట్టకుండా పూసిన గ్రీజును కిరోసిన్ తడిపిన గుడ్డతో తుడవండి. ఎమ్రీ కాగితం బెడ్ మీద పెట్టొద్దు. హెడ్ స్టాక్‌లో ఆయిల్ ఉందో లేదో గాజు కంట్లో చూడండి. రవాణా కోసం ఆయిల్ తీసేసి పంపుతారు, చూడకుండా స్విచ్ వేస్తే గేర్లు ఎండిపోయి తిరుగుతాయి.

తర్వాత లెవెల్. ఇది సరిగ్గా చేయకుండా మిగతా పరీక్షలకు అర్థం లేదు. నాలుగు మూలలు సమంగా లేకపోతే బెడ్ మెలి తిరిగి, బాగున్న మిషన్ కూడా టేపర్ కోస్తుంది. అప్పుడు డీలర్ "మీ నేల బాగోలేదు" అంటాడు, ఆ మాట కాదనలేం. అందుకే మెకానిక్ ఉండగానే, అతని లెవెల్‌తోనే పెట్టించండి.

చక్ తాళం తీసేశాక, తక్కువ స్పీడులో స్విచ్ వేయండి. చక్ ఉల్టా తిరిగితే కంగారు పడొద్దు, ఎలక్ట్రీషియన్ మూడు ఫేజుల్లో ఏవైనా రెండు మారిస్తే సరిపోతుంది. అన్ని స్పీడుల్లో కాసేపు, ఆ తర్వాత మధ్య స్పీడులో ఓ గంట నడపండి. గేర్ల చప్పుడు ఒక్క స్పీడులోనే మారుతోందా? మిషన్ ఆపి, స్పిండిల్ బేరింగు దగ్గర చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడి అయితే రాసుకోండి. స్పిండిల్ లోపలి టేపరులో డయల్ పెట్టి చేత్తో తిప్పి ముల్లు ఎంత కదులుతోందో చూడండి. చివరగా ఒక లావుపాటి ఇనుప రాడ్డును చక్‌లో గట్టిగా బిగించి, టెయిల్ స్టాక్ ఆసరా లేకుండా, సన్నటి కట్ తీయండి. రెండు చివర్లా మైక్రోమీటర్ పెట్టి కొలవండి. తేడాను కంపెనీ ఇచ్చిన టెస్ట్ చార్టుతో పోల్చండి. ఆ చార్టు మిషన్‌తో పాటు రావాలి, రాకపోతే అడిగి తీసుకోండి.

తేడా వస్తే ఇన్‌స్టలేషన్ రిపోర్టు మీద ఏం తేడా వచ్చిందో అంకెలతో రాసి సంతకం పెట్టండి. మెకానిక్ ఖాళీ ఫారం ముందు పెడితే "ఆఫీసులో నింపుకుంటాం" అన్నా సరే, ఇవ్వొద్దు. దాని ఫోటో మీ ఫోన్లో ఉండాలి. మొహమాటం ఇక్కడ చాలా ఖరీదు.

లోపం బయటపడితే

డీలర్‌కు ఫోన్ చేసి ఊరుకోవద్దు. అదే రోజు మెయిల్ లేదా రిజిస్టర్డ్ పోస్టులో రాసి, బ్యాంకుకూ జిల్లా పరిశ్రమల కేంద్రం జనరల్ మేనేజర్‌కూ కాపీ పంపండి. చివరి విడత మిగిలి ఉంటే ఆపమని బ్యాంకును అడగండి. బిజినెస్ కోసం కొన్న మిషన్‌కు వినియోగదారుల కమిషన్ వర్తించదని కొందరు డీలర్లు చెబుతుంటారు. పూర్తిగా నిజం కాదు. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే కొని వాడుకునేవారు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వినియోగదారులే. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి నమోదు చేయించొచ్చు.

గ్రౌండింగ్ తర్వాత

మిషన్ నడవడం మొదలయ్యాక బిల్లు, చలాన్, ఇన్‌స్టలేషన్ రిపోర్టు కాపీలు బ్యాంకుకు ఇచ్చి రసీదు తీసుకోండి. మిషన్‌కు ఇన్సూరెన్స్ చేయించండి. పీఎంఈజీపీ కింద ఏ బ్యాంకు లోన్‌తో పెట్టిన యూనిటో తెలిపే బోర్డు షెడ్డు ముందు ఉండాలి. యూనిట్‌ను జియో ట్యాగింగ్ చేస్తారు, తర్వాత భౌతిక తనిఖీ ఉంటుంది. ఆ రోజు మిషన్ అదే చోట, అదే సీరియల్ నంబరుతో, పని చేస్తూ కనిపించాలి. షెడ్డు మార్చాల్సి వస్తే ముందే బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పండి.

మార్జిన్ మనీ డిపాజిట్ వేసిన తేదీ బ్యాంకులో అడిగి రాసుకోండి. మూడేళ్లు ఏ తేదీ నుంచి లెక్క వేస్తారో కూడా అక్కడే అడగండి. ఆ లెక్కన మీ లోన్‌లో ఎంత భాగం మీద వడ్డీ పడకూడదో ప్రతి ఏడాదీ స్టేట్‌మెంట్ తీసి చూసుకోండి, తేడా ఉంటే బ్రాంచిలో కాగితం పెట్టండి.