చెరువులు వేసిన దారులు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో సైకిల్ మీద తిరగడానికి కొత్తగా ఏదీ కట్టనక్కర్లేదు. ఉన్నదాన్ని పాడుచేయకపోతే చాలు.

హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి మీద రోజూ వేల మంది జనగామ దాటిపోతారు. ఆ రోడ్డు దిగి పాలకుర్తి దిక్కుకో, దేవరుప్పుల దిక్కుకో మళ్లేది అక్కడ పని ఉన్నవాళ్లే. పర్యాటకం అంటే మనకు ఒక చోటికి చేరుకోవడం. రామప్ప గుడి, లక్నవరం వేలాడే వంతెన, కాళేశ్వరం సంగమం. కారు దిగుతాం, చూస్తాం, ఫొటోలు తీసుకుంటాం, మళ్లీ ఎక్కుతాం. నడుమ ఉన్న దారి ఎవరి లెక్కలోకీ రాదు. ఈ కథనం ఆ దారి గురించే. జనగామ రాతిగుట్టల దగ్గర మొదలై మానుకోట (మహబూబాబాద్) అడవుల మీదుగా భూపాలపల్లి దాటి గోదావరి ఒడ్డుదాకా, ఊరికీ ఊరికీ మధ్య అల్లుకున్న చిన్న తారురోడ్లు తెలంగాణలో సైకిల్ ప్రయాణానికి అన్నిటికన్నా అనువైనవి. వాటికి కావలసింది కొత్త నిర్మాణం కాదు, కాపుదల. నా వాదన అంతా ఇదే.

ఈ అనుకూలత ఎక్కణ్నుంచి వచ్చిందో ముందు చూడాలి. రెండు పట్నాల మధ్య ఇంజినీరు గీసే రోడ్డు వీలైనంత తిన్నగా పోతుంది. ఈ మూడు జిల్లాల్లో పాత దారికి ఆ వీలు లేదు, చెరువు అడ్డం వస్తుంది కనుక. బండిబాట చెరువును చుట్టుకుని కట్ట ఎక్కింది, కట్ట దిగి ఊళ్లోకి పోయింది, అక్కణ్నుంచి పై ఊరి చెరువుకు సాగింది. చాలాచోట్ల ఆ బాట మీదే తర్వాత కంకర, ఆపైన తారు పడ్డాయి. కట్ట నెత్తి ఒకే మట్టంలో ఉండి తీరాలి, ఎక్కడ కుంగితే అక్కడే నీళ్లు పొర్లి గండి పడుతుంది. అందువల్ల కట్ట మీది దారికి ఎత్తుపల్లాలు లేవు. గొలుసుకట్టు చెరువుల్లో ఒకదాని మత్తడి నీళ్లు కింది చెరువులో చేరాలి కాబట్టి ఆ వరుస వెంట పోయే దారి వాలు కూడా మెల్లగానే ఉంటుంది. సైకిల్ తొక్కేవాళ్లను అలసటపెట్టేది ఎగువ, భయపెట్టేది వేగంగా వచ్చే బండి. మొదటిదాన్ని కట్ట తగ్గించింది. ఒంపుల దారిలో తొందర పనికిరాదు గనుక రెండోది తనంతట తానే హైవేకు పోయింది.

ఇది కాకతీయుల నాటి భూగోళం. గణపతిదేవుడి పాలనలో, 1213లో ఆయన సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడి కట్టించాడు. గుడికి పక్కనే చెరువూ వెలసింది. 2021లో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. 2019లో ములుగు విడిపోయేదాకా అది భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది. ఇప్పటి భూపాలపల్లి జిల్లాలో మిగిలిన గణపురం కూడా తక్కువదేం కాదు. కోటగుళ్లుగా పిలిచే గణపేశ్వరాలయ సముదాయమూ గణపసముద్రమూ పక్కపక్కనే ఉన్నాయి. మహబూబాబాద్ జిల్లా బయ్యారంలోని చెరువును గణపతిదేవుడి చెల్లెలు మైలమ తవ్వించింది. అక్కడి శాసనం కాకతీయుల వంశక్రమాన్ని చరిత్రకారులకు అందించిన ముఖ్య ఆధారాల్లో ఒకటి. గుడి, చెరువు, ఊరు ఒకే పథకంలో భాగాలుగా పుట్టిన నేల ఇది. సైకిల్ మీద పోయేవాళ్లకు ఆ పథకం కనిపిస్తుంది. తూము ఎక్కడుందో, ఆయకట్టు ఎటు పారిందో, మత్తడి ఏ వాగులో దుంకుతుందో వరసగా అర్థమవుతుంది. కారు అద్దంలోంచి ఇవేవీ తెలియవు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ రాష్ట్రంలోని దాదాపు 46 వేల చెరువులను లక్ష్యంగా పెట్టుకుని పూడిక తీయించింది, కట్టలు పోయించింది. సాగునీటి కోసం చేసిన ఆ పని సైకిల్ దారులకూ ఎంతో కొంత మరమ్మతే అయింది.

మూడు జిల్లాలూ ఒకే తీరుగా ఉండవు. జనగామ మెట్ట. బండరాళ్ల గుట్టలు, తాటివనాలు, పత్తి చేలు. దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు వచ్చాక స్టేషన్ ఘన్‌పూర్, బొమ్మకూరు రిజర్వాయర్లు ఈ ఎండుభూమికి కొత్త నీటి అంచులను ఇచ్చాయి. ఇక్కడ దారికి విలువ తెచ్చేది చరిత్ర. పాల్కురికి సోమనాథుడి పాలకుర్తి, పోతన ఊరుగా జనం కొలిచే బమ్మెర, చాకలి ఐలమ్మ తన భూమి కోసం నిలబడ్డ నేల, విసునూరు దేశ్‌ముఖ్ గడి, 1946 జులై 4న దొడ్డి కొమురయ్య నేలకొరిగిన కడవెండి. ఇవన్నీ ఒకటి రెండు ఉదయాల్లో సైకిల్ మీద చుట్టి రాగల దూరాల్లోనే ఉన్నాయి. తెలంగాణ సాయుధ పోరాటాన్ని పుస్తకాల్లో చదివినవాళ్లకు కూడా ఆ ఊళ్లు ఒకదానికొకటి ఎంత దగ్గరో, గడి నీడ ఎంత దూరం పడేదో దారి వెంట పోతేనే తెలుస్తుంది.

మహబూబాబాద్‌లో అడవి మొదలవుతుంది. బయ్యారం, గార్ల వైపు చెరువులు, మిరప తోటలు, లంబాడీ తండాలు కలిసిపోయి ఉంటాయి. గూడూరు దాటి కొత్తగూడ, గంగారం మండలాల్లోకి పోయేకొద్దీ పాకాల అభయారణ్యపు టేకు, మద్ది, తునికి చెట్లు, కోయగూడేలు వస్తాయి. మాఘ ఫాల్గుణాల్లో మోదుగులు పూస్తాయి, ఆ వెంటనే ఇప్పపూలు రాలతాయి. ఈ జిల్లాకు ఇంకో మేలు ఉంది. కాజీపేట–విజయవాడ రైలుమార్గంలో కేసముద్రం, మహబూబాబాద్, గార్ల, డోర్నకల్ స్టేషన్లు వరసగా ఉన్నాయి. లగేజీగా బుక్ చేసి సైకిల్‌ను బ్రేక్‌వ్యాన్‌లో వేస్తే ఒక స్టేషన్లో దిగి ఇంకో స్టేషన్లో ఎక్కవచ్చు, వచ్చిన దారినే వెనక్కి తొక్కే పని లేదు. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ అలాంటి ప్రయాణానికి మంచి ముగింపు. భారతీయ ఆలయ, మసీదు వాస్తు రీతులను కలిపి చర్చి కట్టించిన బిషప్ అజరయ్య దృష్టి ఎంత విశాలమో ఆ స్తంభాలే చెబుతాయి.

భూపాలపల్లిలో మాత్రం దారిని జాగ్రత్తగా ఎంచుకోవాలి. పరకాల నుంచి కాళేశ్వరం మీదుగా సిరొంచ వెళ్లే 353సి జాతీయ రహదారి సైకిల్‌కు తగదు. బొగ్గు టిప్పర్లు, చెల్పూరు థర్మల్ కేంద్రానికి పోయే బండ్లు, మహదేవపూర్ వైపు నుంచి వచ్చే ఇసుక లారీలు దాన్ని ఆక్రమించాయి. అదే జిల్లాలో రేగొండ దగ్గర పాండవుల గుట్టలున్నాయి, ఆదిమ మానవుల ఎర్రని రాతిచిత్రాలు 1990లో వెలుగుచూసింది అక్కడే. గణపురం చెరువు చుట్టుపక్కల ఊళ్ల రోడ్లూ, మహాముత్తారం అడవి దారులూ హైవేకు పూర్తిగా వేరే లోకం. రెండింటికీ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. ఆ కొద్ది దూరంలో ఎటు తిరగాలో చెప్పే బోర్డు లేకపోవడమే ఇక్కడి అసలు లోటు.

ఈ లోటును తక్కువ ఖర్చుతో తీర్చిన ఉదాహరణ ప్రపంచంలో ఉంది. విశేషమేమంటే అదీ బొగ్గుగనుల ప్రాంతంలోనే పుట్టింది. బెల్జియంలోని లింబర్గ్‌లో 1992లో చివరి గని మూతపడింది. అక్కడ గని ఇంజినీరుగా పనిచేసిన హ్యూగో బోలెన్, భూగర్భంలో సొరంగాలు కలిసే చోట్లను గుర్తుపట్టే పద్ధతిని నేల మీదికి తెచ్చాడు. ఊరి రోడ్లు కలిసే ప్రతి కూడలికీ ఒక నంబరు. ఆ కూడలి బోర్డు మీద పక్క కూడళ్ల నంబర్లు, బాణపు గుర్తులు. సైకిలిస్టు నాలుగైదు నంబర్లు కాగితం మీద రాసుకుంటే చాలు, తన దారి తానే కూర్చుకుంటాడు. 1995లో మొదలైన ఆ పద్ధతి బెల్జియంలోని ఇతర ప్రాంతాలకూ, నెదర్లాండ్స్‌కూ పాకింది. చెరువు మధ్యలోంచి పోయే సైకిల్ బాట లాంటి ఆకర్షణలు 2016లో, అంటే ఇరవై ఏళ్ల తర్వాత వచ్చాయి. ముందు వచ్చింది బోర్డు. మనం ఈ క్రమాన్ని తలకిందులు చేసి, ముందు గాజు వంతెన గురించీ రిసార్టు గురించీ ఆలోచిస్తాం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో ప్రారంభమైంది. నగరానికి అది అవసరమే, దాన్ని తప్పుపట్టను. కానీ హైవే రొద పక్కన చోటు సృష్టించడానికి అంత ఖర్చుపెట్టిన రాష్ట్రం, రొద లేని చోట ఇనుప స్తంభాల మీద నంబర్లు రాయించడానికి వెనకాడటానికి కారణం కనిపించదు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో గట్టిది పల్లెవాళ్లదే. పట్నంవాళ్ల సరదా కోసం మా రోడ్లు ఇరుకుగా ఉండాలా, అంబులెన్సు రావద్దా, వడ్ల ట్రాక్టరు పోవద్దా? న్యాయమైన ప్రశ్న. అంబులెన్సుకు కావలసింది గుంతలు లేని రోడ్డు, తెగని కల్వర్టు. సైకిల్‌కు కావలసిందీ అవే. వెడల్పు వేరే సంగతి. కట్ట దారిని వెడల్పు చేశాక మొదట వచ్చేది ఇసుక లారీ. ఆ బరువుకు రోడ్డూ మిగలదు, కట్టా మిగలదు. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, రాత్రి పట్టా కప్పి అంచులకు రాళ్లు పెట్టడం వల్ల ద్విచక్రవాహనాల వాళ్లు పడిపోవడం ఈ జిల్లాల్లో కొత్త కాదు. రైతును తిడితే అది ఆగదు. ఉపాధి హామీ కింద చేపట్టిన సిమెంటు కల్లాలు ప్రతి ఊళ్లో సరిపడా ఉంటే ఆగుతుంది. సైకిల్ దారి అడిగేవాళ్లు ముందు కల్లం అడగాలి.

సైకిల్ కొందరికి వ్యాయామం కావచ్చు, మా పిల్లలకు అది గతిలేక తొక్కే బండి అనే మాట కూడా వినాలి. బిహార్ 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చినప్పుడు ఏమైందో కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాష్ అనే ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లలు దాదాపు 30 శాతం పెరిగారు, మగపిల్లలతో ఉన్న తేడా 40 శాతం తగ్గింది. బడి దూరంగా ఉన్న ఊళ్లలోనే ఆ మేలు ఎక్కువ. తండా నుంచి మండల కేంద్రంలోని హైస్కూలుకు పోయే పిల్ల ఒంటరిగా, భయం లేకుండా తొక్కగల రోడ్డే మంచి సైకిల్ రోడ్డు. ఆ పరీక్షలో నెగ్గిన దారి వెంట హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు కూడా హాయిగా పోతారు. ఊళ్లోని టిఫిన్ హోటల్‌కూ పంక్చరు షాపుకూ వాళ్లు ఇచ్చేది అదనపు ఆదాయం.

అడవి విషయంలో మాత్రం కొంత వెనక్కి తగ్గాల్సిందే. కొత్తగూడ, గంగారం ప్రాంతంలో ఇటీవలి ఏళ్లలో పులి సంచారం నమోదైంది, ఎలుగుబంట్లు ఎప్పటినుంచో ఉన్నాయి. పొద్దు గూకాక అక్కడ సైకిల్ తిరగకూడదు. ఇప్పుడు మట్టిబాటగా ఉన్నదాన్ని సైకిల్ పేరుతో తారురోడ్డు చేయకూడదు. కొన్ని దారులు అడవికే వదిలేయాలి. వానాకాలం సంగతి ఇంకా కఠినం. 2023 జులై చివర భూపాలపల్లి జిల్లా చిట్యాలలో ఒక్క రోజులో 600 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. మోరంచవాగు మోరంచపల్లిని ముంచితే జనం మిద్దెలెక్కి, హెలికాప్టర్లు వచ్చేదాకా బిక్కుబిక్కుమంటూ గడిపారు. 2024 సెప్టెంబరు 1న ఆకేరు వాగు ఉప్పొంగింది, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద మట్టే కొట్టుకుపోయింది. మత్తడి దుంకుతున్నప్పుడు చెరువు అందమే వేరు గానీ, లోలెవల్ వంతెన మీద నీళ్లు పారుతుంటే సైకిల్ దింపకూడదు. ఏప్రిల్ వచ్చేసరికి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కాబట్టి ఇది ఏడాది పొడవునా సాగే పర్యాటకం కాదు. కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా, తెల్లవారి నుంచి పది గంటల దాకా సాగే పర్యాటకం. ఆ పరిమితిని ఒప్పుకున్న పథకమే నిలుస్తుంది.

మొదలుపెట్టాల్సింది గార్ల, బయ్యారం, డోర్నకల్ దగ్గరే అని నా అభిప్రాయం. రైలు ఉంది, చెరువు ఉంది, చుట్టూ అడవి ఉంది, దూరాలు తక్కువ. కూడళ్ల జాబితా గ్రామపంచాయతీలు తయారుచేయాలి, ఎందుకంటే ఏ కట్ట మీద రోడ్డు కుంగిందో, ఏ మూలమలుపులో కుక్కలు వెంటపడతాయో, ఏ వాగు ఎన్ని రోజులు దాటనివ్వదో తెలిసింది వాళ్లకే. బోర్డుల ఖర్చు పర్యాటక శాఖది. చెరువు కట్టల మీద లారీల బరువుకు హద్దు పెట్టడం, బడి వేళల్లో వాటిని ఆపడం కలెక్టరు చేయగల పని. ఈ మూడింట్లో చివరిది ముందు జరగాలి. లారీలు ఆగని కట్ట మీద నంబరు బోర్డు పాతినా బడిపిల్ల ఆ దారిన పోదు.