తెగిన మెట్టుకు పిన్నీసా?

చెప్పు తెగితే మీరేం చేస్తారు? నాకు తెలుసు. గాజులకో, గొలుసుకో తగిలించుకున్న పిన్నీసు ఒకటి తీసి, ఉంగటం జారిపోకుండా అడుగున అడ్డంగా గుచ్చేస్తారు. ఇంటికెళ్లాక చూసుకుందాంలే అనుకుంటారు. ఇంటికెళ్లాక మరిచిపోతారు. ఆ పిన్నీసుతోనే ఆ చెప్పు ఇంకో మూణ్నెల్లు నడుస్తుంది!

నేనూ అంతే చేసేదాన్ని. మా అత్తమ్మ కాలు చూసేదాకా.

మా అనంతపురం పల్లెల్లో చెప్పుల్ని మెట్లంటారు. కళ్యాణదుర్గం దారిలో ఉన్న మా ఊళ్లో మెట్లు లేకుండా గడప దాటితే తెలుస్తుంది సంగతి. ఏడాది మొత్తానికి అయిదువందల యాభై మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. మిగతా రోజులన్నీ ఎండ, గులకరాళ్లు, పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్లు. ఆ తుమ్మ ముల్లు సైకిల్ టైర్లోకే దిగుతుంది, హవాయి చెప్పు దానికో లెక్కా?

ఒక ఎండాకాలం మధ్యాహ్నం అత్తమ్మ చెప్పు చేత్తో పట్టుకుని వంటింట్లోకొచ్చింది. "ఉంగటం ఊడొచ్చిందమ్మా, ఏమన్నా చేసియ్యి. కళ్లం కాడికి పోవల్ల" అంది. నేను పోపులో ఉన్నాను. చీర పిన్నీసు తీసి గుచ్చి ఇచ్చేశాను. అర నిమిషం పని.

సాయంత్రం ఆవిడ తిరిగొచ్చి వసారాలో నడుస్తుంటే గచ్చు మీద వరసగా ఎర్రటి మరకలు. కుంకుమ ఒలికిందేమో అనుకున్నాను. పిన్నీసు విప్పుకుని రబ్బర్లోంచి పైకొచ్చి బొటనవేలి కింద దిగింది. ఆవిడకు తెలియనే లేదు! పన్నెండేళ్ల షుగరు. కాళ్లలో నరాలు మొద్దుబారిపోయి మూడు గంటలపాటు ఆ సూది మీదే నడిచింది. పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. వేలు తీసేయాల్సొస్తుందేమోనని డాక్టరు గారన్న రాత్రి నాకు నిద్రలేదు. ఎవరినీ అనడానికి లేదు. నా చేత్తో నేను పెట్టిన పిన్నీసు అది.

వేలు దక్కింది. ఆ తర్వాత ఆస్పత్రి వాళ్లు ఎం.సి.ఆర్. చెప్పులు రాసిచ్చారు. చిన్న చిన్న గాలి గదులుండే మెత్తటి రబ్బరు. దీని కథ మనకు దూరపుదేం కాదు. మన సీమ జనం పెద్ద జబ్బు చేస్తే రైలెక్కిపోయే రాయవేలూరులోనే, 1950ల్లో, డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల కోసం ఇలాంటి చెప్పుల మీద పనిచేశారు. కుష్ఠు వల్ల వేళ్లు వాటంతటవే రాలిపోవనీ, నొప్పి తెలియక దెబ్బ మీద దెబ్బ తగిలి పోతాయనీ గుర్తించిన మనిషి ఆయన. ఆ చెప్పులకు మొదటి నియమం ఏమిటంటే, ఎక్కడా మేకు ఉండకూడదు. కుట్టాలి, లేదా అతికించాలి. షుగరు కాళ్లకూ అదే నియమం.

సరే, ఎనిమిది నెలలకు ఆ చెప్పుకీ ఒక పక్క పట్టీ ఊడింది. టౌనులో క్లాక్ టవర్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. అలవాటు ప్రకారం రెండు చిన్న మేకులు నోట్లో పెట్టుకుని సుత్తి తీశాడు. "అయ్యా, మేకు వద్దు, షుగరు కాలు" అన్నాను. సుత్తి కింద పెట్టేసి, "అట్లయితే సొల్యూషన్ ఏస్తా. ఆరేదాకా కూర్చోవల్ల మల్ల" అన్నాడు. కూర్చున్నాను. ఆ కూర్చున్నప్పుడు నేర్చుకున్నదే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

అతుకు ఊడిపోయేది జిగురు మంచిది కాక కాదు, మనకు ఓపిక లేక. ముందు సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. అతికే చోట రెండు వైపులా గరుకు కాగితంతో రుద్దాలి. నున్నటి రబ్బరు మీద ఏ జిగురూ నిలవదు. దుమ్ము దులిపి, సైకిల్ షాపులో దొరికే రబ్బరు సొల్యూషన్ రెండు ముక్కలకూ పల్చగా పూయాలి. వెంటనే అంటించేస్తాం చూశారా, అక్కడే తప్పు. పది నిమిషాలు వదిలేయాలి. వేలు ఆనిస్తే తడి అంటకూడదు, అప్పుడు కలిపి గట్టిగా నొక్కాలి. ఒకసారి అంటాక జరపడానికి కుదరదు కాబట్టి ముందే సరిచూసుకోండి. రాత్రంతా సన్నికల్లు కింద పెడితే తెల్లారేసరికి సిద్ధం.

హవాయి చెప్పు బెజ్జం సాగిపోతే పాత సైకిల్ ట్యూబు ముక్కను రూపాయి బిళ్లకంటే కాస్త పెద్దగా, మూలలు లేకుండా గుండ్రంగా కత్తిరించి అడుగున ఇలాగే అతికించి, మధ్యలో చిన్న బెజ్జం చేసి ఉంగటం దూర్చాలి. చిరుగు పొడుగ్గా ఉంటే దాని కొసన సన్నటి గుండ్రటి బెజ్జం వేశాక అతుకెయ్యండి, చిరుగు ముందుకు పాకదు. సముద్రంలో మునిగి ఈదేవాళ్లు కాళ్లకు తొడుక్కునే చేపరెక్కల్లాంటి రబ్బరు తొడుగులు చిరిగినా పద్ధతి ఇదేనట. మా అనంతపురంలో వాటితో పనేముందిలెండి, బావిలో నీళ్లుంటే కదా!

అట్లకాడ కాల్చి అంటించే మన పాత విద్య ప్లాస్టిక్ బకెట్టుకే. రబ్బరుకు పనికిరాదు. 1839లో అమెరికాలో ఛార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరులో గంధకం కలిపి వేడిచేస్తే గట్టిపడుతుందని కనుక్కున్నాడు. అలా ఉడికిన రబ్బరు మళ్లీ కరగదు, ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిది కానట్టే. మాడి కంపు కొడుతుందంతే. క్షణంలో అంటుకునే జిగురు కూడా వద్దు. అది గాజులా బిగుసుకుపోయి, చెప్పు వంగినప్పుడల్లా చిట్లుతుంది. మురికి పోతుందని కిరసనాయిలుతో తుడవకండి, రబ్బరు ఉబ్బిపోతుంది. సొల్యూషన్ మాత్రం పొయ్యికి దూరంగా, కిటికీ తీసి పెట్టుకుని వాడండి. భగ్గున అంటుకుంటుంది. పిల్లల చేతికి అందనివ్వద్దు.

అన్నిటినీ బాగుచేయాలన్న పట్టుదల కూడా మంచిది కాదు. ఎం.సి.ఆర్. చెప్పును బొటనవేలితో నొక్కితే లోపలికి దిగి మళ్లీ పైకి లేవాలి. లేవకపోతే దాని పని అయిపోయినట్టే. పట్టీ ఎంత కొత్తగా ఉన్నా అది మార్చేయాల్సిందే. ఈ ఒక్కచోట పొదుపు చూడొద్దు.

ఇప్పుడు మా ఇంట్లో రోజూ సాయంత్రం అత్తమ్మ మెట్లు తిరగేసి చూడటం మా అమ్మాయి పని. అడుగున గుచ్చుకున్న ముళ్లు పట్టకారుతో లాగి డబ్బా మూతలో వేస్తుంది. నిన్న నాలుగొచ్చాయి. పొద్దున వేసుకునే ముందు అత్తమ్మ లోపల చెయ్యి పెట్టి తడుముకుంటుంది. పాదానికి తెలియంది చేతికి తెలుస్తుంది కదా. మొన్న పక్కింటావిడ చెప్పు తెగి మా గుమ్మంలో నిలబడి పిన్నీసు అడిగింది. నేను నోరు తెరిచేలోపే లోపల్నుంచి అత్తమ్మ కేకేసింది, "మా ఇంట్లో పిన్నీసు ల్యా! సొల్యూషన్ ఉండాది, రా, కూర్చో!"