కొత్తరెడ్డిపాలెంలో శుక్రవారపు దీపం

దిల్‌సుఖ్‌నగర్‌లో మా వీధివారికి శుక్రవారమంటే లక్ష్మీపూజ. తెలుగువాళ్ళలో యూదులున్నారనీ, వాళ్ళకూ శుక్రవారం సాయంత్రమే దీపాలనీ చెబితే మా ఆవిడ నమ్మలేదు. సరే, చూసివద్దామని ఎల్‌.బి. నగర్‌లో గుంటూరు బస్సెక్కాను.

చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు క్రైస్తవం విడిచి, తాము ఇశ్రాయేలీయుల తప్పిపోయిన గోత్రాలలో ఎఫ్రాయీము సంతతివారమంటున్నాయి. యాకోబి సోదరులు పూనుకొని 1990 దశకం తొలినాళ్ళలో అక్కడ ప్రార్థనమందిరం నెలకొల్పారు.

నేను చేరేసరికి పొద్దు గూకుతోంది. ఒక ఇంట ఇల్లాలు దీపాలు వెలిగించింది. ప్రార్థన హీబ్రూలో, ఆ తర్వాత కబుర్లన్నీ అచ్చంగా మన గుంటూరు తెలుగే!

"ఇన్నాళ్ళూ ఎందుకు దాచారండీ?" అన్నాను.

"దాచిందేముంది బాబూ? మమ్మల్ని అడిగిందెవరు?" అన్నాడు పెద్దాయన.

ఇప్పుడు చెప్పుకోవడమూ తేలిక కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులపు హోదా హిందువులకూ, తర్వాత చేర్చిన సిక్కులకూ, బౌద్ధులకే. కాగితం మీద యూదులమంటే పిల్లల సర్టిఫికెట్టుకే ఎసరు! అటు చూస్తే, మణిపూరు, మిజోరాములలోని బ్నే మెనాషేవారిని ఇజ్రాయెలు ప్రధాన రబ్బీ 2005లో తమ సంతతిగా ఒప్పుకున్నారు. వీరికింకా ఆ మాట రాలేదు.

ఆ దీపాలను ఆర్పరాదుట. కొండెక్కేదాకా కూర్చున్నాను.

ఇంటికి రాగానే మా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "ఎన్ని వత్తులు?"

"రెండు," అన్నాను.