అచ్చు నాణ్యతకు తూకమే తొలి సాక్షి

కరపత్రాలు, బిల్లు పుస్తకాలు అచ్చు వేయించేవారు ధర చూస్తారే తప్ప కాగితాన్ని పరిశీలించరు. చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో తెలిపేదే జీఎస్‌ఎం. 80 జీఎస్‌ఎం ఏ4 కాగితాలు 500 తూస్తే దాదాపు రెండున్నర కిలోలు ఉండాలి. 2.2 కిలోలే తూగితే అది 70 జీఎస్‌ఎం రకమని గ్రహించాలి. కాగితం పలుచనైతే వెనుకవైపు అక్షరాలు ఇవతలికి కనిపిస్తాయి.

ఆఫ్‌సెట్ ముద్రణలో రంగులు ఎలా ఉండాలో ఐఎస్‌ఓ 12647-2 ప్రమాణం నిర్దేశిస్తుంది. సియాన్ నీలం, మెజెంటా, పసుపు, నలుపు రంగులు సరిగ్గా ఒకదానిపై ఒకటి పడాలి. ఏ ఒక్కటి పక్కకు జరిగినా బొమ్మ అంచులు చెదురుతాయి.

ఆర్డరు పత్రంలో జీఎస్‌ఎం, రంగులు, ప్రతుల సంఖ్య తప్పక రాయించుకోవాలి. పేర్లు, తేదీలు రెండుసార్లు చదివిన తరువాతే ప్రూఫుపై సంతకం చేయాలి. వేల ప్రతులు అచ్చయ్యాక తప్పు దొరికితే నష్టం భరించక తప్పదు.