మన ఊరి జట్టు

వార్షిక పరీక్షల దినములలో మన పాఠశాలయందు ఒక వింత వ్యాధి ప్రబలుట ఉపాధ్యాయులందఱకును తెలిసినదే. నిన్న సాయంకాలము గంతులు వేయుచు ఇంటికి వెళ్లిన బాలుడు నేడు ముఖము వ్రేలవైచుకొని తరగతిలో కూర్చుండును. ఇంటిలో ఎవరికైన జబ్బు చేసినదేమో యని విచారింపగా, రాత్రి ఉప్పల్ మైదానమున మన జట్టు ఓడినదని తేలును. "ఆడినవాడు ఆస్ట్రేలియావాడు, సొమ్ము పుచ్చుకొన్నవాడును వాడే, నడుమ నీ యేడ్పెందుకురా?" అని తండ్రులు గద్దింతురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. మాకు తోచిన సమాధానము చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము. మేమును ఆ వ్యాధి తగిలినవారమే యని ముందుగానే ఒప్పుకొనుచున్నాము.

మొదట ఈ జట్టుల పుట్టుక తెలియవలెను. రంజీ పోటీలలో హైదరాబాదు తరఫున ఆడువారిలో చాలమంది ఇచ్చటి మైదానములలో ఆట నేర్చినవారు. ఆ జట్టు 1937-38 లోను, 1986-87 లోను విజేతయైనది. 2008 లో ప్రారంభమైన ఇండియన్ ప్రీమియర్ లీగు పద్ధతి వేఱు. ఇందు యజమానులు ఊరిపేరిట జట్టును కొని, ఆటగాండ్రను వేలములో పాడుకొందురు. ఏ జట్టైనను ఇంతకుమించి వ్యయపెట్టరాదను హద్దు కలదు. ఆడు పదునొకండుగురిలో విదేశీయులు నలుగురికి మించరాదు. కాని ఊరివాడు ఒక్కడైనను ఉండి తీరవలెనను నియమము నేడు లేదు. అందుచేతనే మన నగరమున పుట్టి పెరిగిన మహమ్మదు సిరాజు 2017 లో ఒక్క ఏడు మాత్రము మనకు ఆడి, మఱుసటి ఏట బెంగుళూరు జట్టునకు పోయెను. తిలక్ వర్మ 2022 లో ముంబయి జట్టున చేరెను. వారు మన బౌలర్లను బాదినప్పుడును, మన వికెట్లు కూల్చినప్పుడును చప్పట్లు కొట్టవలెనో కూడదో మాకు నేటికిని తెలియలేదు.

ఐనను ఈ వేలపు పద్ధతిలోనే ఆశకు మూలమున్నది. సొమ్మునకు హద్దుండుటచే ధనికుడొకడే మంచివారినందఱను కొనిపోజాలడు. కడపటి జట్టు మఱుసటి ఏట మొదటిది కావచ్చును. మన మొదటి జట్టు డెక్కన్ చార్జర్సు 2008 లో 14 ఆటలలో రెండే గెలిచి అట్టడుగున నిలిచెను. 2009 లో గిల్‌క్రిస్టు నాయకత్వమున అదే జట్టు కప్పు గెలిచెను. అంతిమ పోటీలో గిల్‌క్రిస్టు సున్నకే ఔటయ్యెను. మనవారు చేసినవి 143 పరుగులే. బెంగుళూరు 137 వద్ద ఆగెను. ఆ రాత్రి మేము టెలివిజను ముందు నిద్రమాని కూర్చుండి, ఇరుగుపొరుగువారిచే చీవాట్లు తింటిమి.

ఇచ్చట ఒక సంగతి చెప్పక మానజాలము. ఆ పోటీలు మనదేశమున ఎన్నికల కారణమున దక్షిణ ఆఫ్రికాలో జరిగెను. కప్పు జొహానెస్‌బర్గులో గెలువబడెను. పోనిండు, విజేతలను 2010 లో మన మైదానమున చూతమని తలచితిమి. తెలంగాణ ఉద్యమదినములగుటచే ఆ యేడు ఆటలు కటకమునకును, నాగపూరునకును, నవీ ముంబయికిని తరలిపోయెను. 2012 లో ఆ జట్టే రద్దయ్యెను. ఇంటి గోడకు అంటించిన బొమ్మను చింపవలెనా ఉంచవలెనా యని ఆనాడు ఎంతమంది బాలురు చింతించిరో!

2013 లో సన్‌రైజర్సు వచ్చిరి. రంగు మాఱెను, యజమాని మాఱెను, ఆటగాండ్రును చాలవరకు మాఱిరి. ఊరిపేరు మాత్రము మాఱలేదు. మేము ఒక్క పూటలో ఆ జట్టువారమైతిమి. 2016 లో వార్నరు 848 పరుగులు చేసి కప్పు తెచ్చెను. అదియును బెంగుళూరులోనే, ఎనిమిది పరుగుల తేడాతో. మఱి మన ఉప్పల్ మైదానమున అంతిమ పోటీ జరుగలేదా యందురేని, 2017 లోను 2019 లోను జరిగెను. రెండు మాఱులును ముంబయి జట్టు ఒక్క పరుగుతో గెలిచెను. రెండు మాఱులును మన జట్టు అందు లేదు. పెండ్లికి పందిరి మనది, పెండ్లివారు వేఱు!

మమ్ము అన్నిటికంటె నొప్పించినది 2021. కప్పు తెచ్చిన వార్నరును పోటీల నడుమనే నాయకత్వమునుండి తొలగించిరి. తుదకు ఆడుటకే చోటీయలేదు. ఆయన ప్రేక్షకులలో కూర్చుండి ఆ జట్టు జెండానే ఊపుచుండెను. యజమానులకు తమ లెక్కలుండవచ్చును. అయినను పిల్లలకు అది న్యాయముగా తోచలేదు, మాకును తోచలేదు.

2023 లో మరల అట్టడుగు. వేలములో 20 కోట్ల 50 లక్షలకు కమిన్సును కొనిరి. 2024 మార్చి 27న ముంబయిపై 277 పరుగులు చేసినప్పుడు మేము ఉప్పల్‌లోనే ఉంటిమి. బంతి ఎచ్చట పడుచున్నదో చూచుటకంటె ప్రక్కవారి కేకలనుబట్టి ఊహించుటయే సులభమయ్యెను. మఱి మూడు వారములలో బెంగుళూరుపై 287. ఇట్టి జట్టు అంతిమ పోటీలో ఎంత చేసెననుకొందురు? 113. ఇన్నేండ్ల అంతిమ పోటీలలో అంత తక్కువ ఎవరును చేయలేదు. కలకత్తావారు పదిన్నర ఓవర్లలో పని ముగించిరి. పాయసము వండించి ఉంచిన మా మిత్రుడొకడు దానిని ఎవరికిని పెట్టక మూతవేసి పడుకొనెను.

చెడుగుడు సంగతి క్లుప్తముగా చెప్పెదము, విస్తరింప మనసొప్పదు. మన పల్లెల ఆటయే యగుటచే తెలుగు టైటన్సుపై మాకు ఆశ మెండు. 2021-22 పోటీలలో వారు 22 ఆటలకు ఒక్కటి గెలిచిరి. 2023 వేలములో 2 కోట్ల 60 లక్షలకు పైగా ఇచ్చి పవన్ సెహ్రావతును తెచ్చిరి.

ఇక ఫుట్‌బాలు. ఈ నగరము ఒకప్పుడు ఆ ఆటకు పెట్టినది పేరు. సయ్యదు అబ్దుల్ రహీము తీర్చిదిద్దిన హైదరాబాదు పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదేండ్లు రోవర్సు కప్పు గెలిచెను. తర్వాత తరములవారికి అది తాతలు చెప్పు కథయే అయ్యెను. 2019 లో హైదరాబాదు ఫుట్‌బాలు క్లబ్బు పుట్టినప్పుడు ఆ వృద్ధుల ఆనందము చూడవలసినదే. మొదటి ఏడు కడపటి స్థానము. 2021-22 లో జట్టు విజేత. అంతిమ పోటీ సమముగా ముగియగా, పెనాల్టీలలో గోలుకీపరు కట్టిమణి మూడింటిని ఆపెను. అంటువ్యాధి కారణమున ఆ యేటి ఆటలన్నియు గోవాలోనే జరిగెను. ఇదియును మా కన్నుల ముందు కాదు!

మఱుసటి ఏడు గచ్చిబౌలికి పసుపుపచ్చ చొక్కాలు ధరించిన పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లితిమి. జట్టు రెండవ స్థానమున నిలిచెను. ఆ మీద ధనపు చిక్కులు కలిగి మంచి ఆటగాండ్రు వెడలిపోయిరి. 2023-24 లో 22 ఆటలలో ఒక్క గెలుపు. 2025 లో ఆ జట్టు ఢిల్లీకి తరలి పేరు మార్చుకొనెను. ఓటమి వేఱు, ఇది వేఱు. ఓడిన జట్టుకై రేపు అని యొకటి యుండును. ఊరిపేరే తీసివేసిన జట్టును ఏమని పిలుతుము?

ఆడువాడు ఎవడైనను, సొమ్ము ఎవరిదైనను, కేకవేసినప్పుడు నోట వచ్చునది మన ఊరిపేరే. అందుకే తండ్రుల ప్రశ్నకు మాయొద్ద ఇంతకంటె సమాధానము లేదు.

గడచిన వారము ఆటస్థలమున ఆఱవ తరగతి బాలుడొకడు ఆ పసుపుపచ్చ చొక్కాతోనే బంతి తన్నుచుండెను. "ఆ జట్టు లేదు కదా, ఇంకను దీనిని తొడిగితివేల?" అని యడిగితిమి. వాడు చొక్కా వెనుకవైపు త్రిప్పి చూపెను. అచ్చట జట్టు పేరు లేదు, వాని పేరే యున్నది.